కోళ్లకు పారుడు పట్టుకుంటే ఏం చేయాలి: రెట్ట చూడటం దగ్గర్నుంచి మందు పట్టించేదాకా

పొద్దున్నే గూడు తలుపు తీయగానే అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి ఉరుకుతాయి. ఒక్కటి మాత్రం రాదు. మూలన ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, రెక్కలు కిందికి జారేసి, కళ్లు సగం మూసి తూగుతూ ఉంటుంది. ఎత్తి చూస్తే తోక కింద ఈకలు తడిసి అట్టకట్టి ఉంటాయి.

మొదటిసారి కోడిపిల్లల్ని పెంచినప్పుడు ఇలాంటి పిల్లను చూసి, చలేసి ఉంటుంది, సాయంత్రానికి అదే తేరుకుంటుందిలే అనుకున్నాను. ఎవరో చెప్పారని వెల్లుల్లి దంచి నీళ్లలో కలిపి పెట్టాను. మర్నాడు ఇంకో రెండు అలాగే ముడుచుకున్నాయి, గూట్లో పొట్టు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి, మూడో రోజుకి నాలుగు పిల్లలు పోయాయి. సరైన మందు మొదటి రోజే పెట్టి ఉంటే వాటిలో కొన్నైనా బతికేవని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పేగుల జబ్బుల్లో, ముఖ్యంగా పిల్లల్లో, "రేపు చూద్దాం" అనే మాటే సగం ప్రాణాలు తీస్తుంది.

ముందు చేయాల్సింది: విడిగా పెట్టండి, వెచ్చగా ఉంచండి

మందు సంగతి తర్వాత. జబ్బు కోడిని వెంటనే మిగతా వాటి నుంచి తీసి ఒక అట్టపెట్టెలోనో బుట్టలోనో పెట్టండి. అడుగున పొట్టు వేయొద్దు, పాత న్యూస్‌పేపర్ పరవండి. కాగితం మీద రెట్ట స్పష్టంగా కనిపిస్తుంది, దాని రంగు ఏంటో, ఎన్నిసార్లు వేసిందో లెక్క తెలుస్తుంది. ఇది చాలా పనికొస్తుంది, దీని గురించి కింద ఎక్కువ చెప్తాను.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు ఉంటుంది. జబ్బు చేసి మేత మానేస్తే ఆ వేడిని నిలబెట్టుకోవడానికే దాని ఓపికంతా అయిపోతుంది. కాబట్టి పెట్టెకు ఒక పక్కన బల్బు గానీ, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా గానీ పెట్టండి. పెట్టె మొత్తం వేడెక్కకూడదు, వేడి ఎక్కువైతే అది పక్కకు జరగడానికి చోటు ఉండాలి. పిల్లలైతే ఇది ఇంకా ముఖ్యం. పుట్టిన మొదటి వారం వాటికి 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. జబ్బు పడ్డ పిల్లకు దాని వయసుకు తగ్గదానికంటే కాస్త ఎక్కువే ఇవ్వండి.

ఇంకో మాట. జబ్బు కోడి పని చివర్లో చేయండి. ముందు బాగున్న వాటికి మేత, నీళ్లు పెట్టి, ఆ తర్వాత దీని దగ్గరికి వెళ్లండి. చెప్పులకు అంటిన రెట్టతోనే జబ్బు గూడంతా తిరుగుతుంది.

రెట్ట చదవడం నేర్చుకోండి

కోళ్లు పెంచేవాళ్లకు ఇంతకంటే ఉపయోగపడే విద్య ఇంకోటి లేదని నా నమ్మకం. ల్యాబ్ లేకపోయినా, డాక్టర్ దొరకకపోయినా రెట్ట మాత్రం రోజూ కళ్ల ముందే ఉంటుంది. రాత్రి కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర కింద వారానికొకసారైనా కాగితం పరిచి పొద్దున్నే చూడండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా వచ్చిన రోజు పట్టుకోగలరు.

మామూలు రెట్ట గోధుమ రంగులోనో బూడిద కలిసిన ఆకుపచ్చలోనో కాస్త గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ తెలుపు కోడి మూత్రమే. కోడికి మూత్రం వేరుగా రాదు, రెండూ కలిసే పడతాయి. దీనికి తోడు రోజుకు రెండు మూడు సార్లు ఇంకో రకం రెట్ట వేస్తుంది: ముదురు గోధుమ రంగు, జిగురుగా, ముద్దగా, ముక్కు మూసుకోవాల్సినంత వాసన. కొత్తవాళ్లు చాలామంది దీన్ని చూసే పారుడు అనుకుని టెన్షన్ పడి మందులు పోసేస్తారు. కోడికి పేగు చివర రెండు సంచుల్లాంటి పేగులు ఉంటాయి, అవి ఖాళీ అయినప్పుడు పడేది ఇదే. ఇది ఆరోగ్యమే. అది అసలు కనిపించకపోతేనే అనుమానించాలి.

ఎండ బాగా కాసే రోజుల్లో కోడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట నీళ్లలా పడుతుంది, సాయంత్రం చల్లబడగానే సర్దుకుంటుంది. పొదుగుతున్న పెట్ట రోజుకొకసారి లేచి పెద్ద ముద్దంత వేస్తుంది, భరించలేని వాసన. అప్పుడప్పుడు రెట్టలో చిన్న నారింజ రంగు పోగు లాంటిది కనిపిస్తే అది పేగు లోపలి పొర ఊడిన ముక్క, ఒకటీ అరా అయితే పట్టించుకోనక్కర్లేదు. ఇవేవీ జబ్బులు కావు.

జబ్బువి ఇవి. ఎర్రటి రక్తం, లేదా రక్తం కలిసిన చీమిడి లాంటి జిగురు వస్తే రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్ అనే మొదట అనుకోవాలి. నారింజ రంగు జిగురు రోజంతా వస్తున్నా అదే అనుమానం. నురుగుతో పలుచగా, అరగని దాణా గింజలతో పడుతూ కోడి వారాల తరబడి చిక్కిపోతుంటే నట్టలు, అంటే పేగుల్లో పురుగులు. మంచి ఆకుపచ్చ రంగు వస్తే సాధారణంగా కోడి ఏమీ తినలేదని అర్థం, ఖాళీ పేగులోకి పైత్యరసం ఒక్కటే దిగుతోంది. కానీ అదే ఆకుపచ్చ పారుడుతో పాటు నోరు తెరిచి గాలి పీల్చడం, మెడ మెలితిరిగిపోవడం, ఒకేసారి చాలా కోళ్లు పడిపోవడం ఉంటే అది కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బు కావచ్చు, దాని దారి వేరు. గుడ్డు నుంచి బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే పిల్లలు సున్నం లాంటి తెల్లటి రెట్ట వేస్తూ, అరుస్తూ, వరసగా చనిపోతుంటే తెల్లపారుడు.

ఒక్క తేడా మాత్రం గుర్తు పెట్టుకోండి. నాలుగైదు రోజుల పిల్ల వెనక రెట్ట ఎండి అట్టకట్టుకుపోతే అది చాలాసార్లు జబ్బు కాదు, వెచ్చదనంలో తేడా వల్లనో ప్రయాణం బడలిక వల్లనో వచ్చేది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి నిమ్మళంగా నానబెట్టి తుడవండి. పీకొద్దు, చర్మం ఊడొస్తుంది. ఆరబెట్టి వెచ్చగా పెడితే చాలు.

కోడిని చేత్తో పట్టుకుని చూడండి

రెట్ట చూశాక కోడిని ఒళ్లో పెట్టుకోండి. రొమ్ము మధ్యలో నిలువుగా ఒక ఎముక తగులుతుంది. దానికి రెండు పక్కలా కండ గుండ్రంగా ఉంటే జబ్బు నిన్న మొన్నటిదే. ఎముక కత్తి అంచులా తగిలితే అది ఎప్పటి నుంచో చిక్కిపోతోందని, మీరు ఇప్పుడే చూశారని అర్థం. నట్టలు చాలావరకు అలాగే దొరుకుతాయి. మెడ కింద మేత నిలిచే సంచిని రాత్రి పడుకునే ముందు తడమండి, నిండుగా ఉండాలి. పొద్దున తడమండి, ఖాళీగా ఉండాలి. రాత్రే ఖాళీగా ఉంటే తినలేదు, పొద్దునా నిండుగా ఉంటే కిందికి దిగట్లేదు.

తల మీద జుట్టు, తమ్మెలు ఎర్రగా ఉన్నాయా, పాలిపోయాయా చూడండి. రక్తం పోతున్న కోడికి అవి తెల్లబడతాయి. జబ్బు కోడి ఒక్కోసారి మేత దగ్గరికి వచ్చి అన్నిటితో పాటు ముక్కుతో పొడుస్తుంది కూడా, దగ్గర కూర్చుని చూస్తే ఒక్క గింజా మింగదు. "తింటోంది కదా" అని మోసపోయేది ఇక్కడే.

వీలుంటే రెట్ట పరీక్ష చేయించండి. కొద్ది కోళ్లున్న వాళ్లు "ఇంత చిన్నదానికి ల్యాబా" అనుకుంటారు గానీ, ఇది కష్టమైన పరీక్ష కాదు. ఉప్పు ద్రావణం లాంటి దాంట్లో రెట్ట కలిపితే పరాన్నజీవుల గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపులో చూసి ఏ పరాన్నజీవి, ఎంత ఉందో చెప్పేస్తారు. నాలుగైదు చోట్ల నుంచి తాజా రెట్ట తీసి శుభ్రమైన డబ్బాలో వేయండి, పైన చెప్పిన ముదురు గోధుమ రంగు జిగురు రెట్ట కూడా కొంచెం కలపండి. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టించొద్దు, ఒక రోజులోపు ఇచ్చేయండి. కోడి చనిపోతే దాన్నీ ఇలాగే చల్లగా ఉంచి పోస్టుమార్టంకి ఇస్తే మిగిలినవాటిని కాపాడుకోవచ్చు.

రక్తపారుడుకు వైద్యం

పెరటి కోళ్లలో పేగుల జబ్బు అంటే ఎక్కువసార్లు ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

దీనికి కారణం ఐమీరియా అనే ఏకకణ జీవి. కోళ్లకు వచ్చేవి ప్రధానంగా ఏడు రకాలు. పేగు గోడ కణాల్లోకి దూరి, అక్కడ పెరిగి, కణాల్ని పగలగొట్టుకుని బయటికొచ్చి మళ్లీ కొత్త కణాల్లో దూరుతుంది. జబ్బు కోడి వేసిన రెట్టలో దాని గుడ్ల లాంటివి వేల కొద్దీ ఉంటాయి. అవి పడగానే ప్రమాదం కాదు, తడి, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వస్తాయి. అప్పుడు వాటిని కెలికి తిన్న కోడికి జబ్బు అంటుకుంటుంది. ఎండిన చోట ఆ పని జరగదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే వైద్యం సగం అర్థమైనట్టే.

తిన్నాక రక్తం కనిపించడానికి ఐదు రోజులు అటూ ఇటూ పడుతుంది. అంటే ఈ రోజు ఒక పిల్ల రెట్టలో రక్తం చూశారంటే, దానితో పాటు అదే నేల కెలికిన మిగతావన్నీ ఐదు రోజుల క్రితమే అదే తిని ఉంటాయి. అందుకే మందు జబ్బు పిల్లకు ఒక్కదానికే కాదు, మందలో అన్నిటికీ అదే రోజు మొదలుపెట్టాలి. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు ఎక్కువ పడతాయి. కొన్ని రకాల్లో రక్తం అస్సలు కనపడదు, పిల్లలు ముడుచుకుని, పలుచగా వేసి, ఎదగకుండా ఉండిపోతాయంతే. రక్తం లేదు కాబట్టి ఇది కాదు అనుకోవద్దు.

మందు: ఆంప్రోలియం. ఇది చూడటానికి బి1 విటమిన్‌లా ఉంటుంది. పరాన్నజీవి దీన్ని బి1 అనుకుని తీసుకుని, అసలు విటమిన్ అందక చస్తుంది. కోడికి పెద్దగా హాని ఉండదు కాబట్టి ఇంట్లో వాడటానికి ఇదే నయం.

మోతాదు ప్యాకెట్ మీద ఉన్న శాతాన్ని బట్టి మారుతుంది, ముందు అది చదవండి. 20 శాతం పొడి అయితే, జబ్బు గట్టిగా ఉన్నప్పుడు లీటరు నీటికి 1.2 గ్రాములు. 9.6 శాతం ద్రావణం అయితే లీటరుకు 2.5 మిల్లీలీటర్లు. ఇలా ఐదు రోజులు. జబ్బు లేతగా ఉంటే ఇందులో సగం సరిపోతుంది. ఆ తర్వాత మోతాదు తగ్గించి, అంటే పొడి లీటరుకు 0.3 గ్రాములు, ద్రావణం అయితే 0.6 మిల్లీలీటర్లు, ఇంకో వారం నుంచి రెండు వారాలు. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. పిల్లలు హుషారయ్యాయి కదా అని ఆపేస్తే, నేల మీద మిగిలిన వాటిని తిని మళ్లీ పడతాయి. మీ దగ్గర దొరికే మందు శాతం వేరే ఉంటే డాక్టర్‌ని అడిగి లెక్క వేయించుకోండి.

1.2 గ్రాములు వంటింటి త్రాసు మీద సరిగా తూగదు, చెంచా లెక్కల్ని అసలు నమ్మొద్దు. నేను చేసే పద్ధతి ఇది: 6 గ్రాములు తూచి అర లీటరు నీళ్లలో బాగా కరిగిస్తాను, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మంచినీళ్లలో కలిపితే ఒక లీటరు మందు నీళ్లు సరైన పాళ్లలో వస్తాయి. రోజూ పొద్దున కొత్తగా కలుపుతాను, నిన్నటివి పారబోస్తాను.

వేరే నీళ్లు ఎక్కడా దొరకకూడదు. పెరట్లో తొట్టి, కుళాయి కింద గుంట, పూలకుండీ కింది పళ్లెం, అన్నీ ఖాళీ చేయండి. కోడి వాన గుంటలో నీళ్లు తాగి వచ్చిందంటే మీరు కలిపిన మందు వృథా.

మందు నడుస్తున్నన్ని రోజులు బి కాంప్లెక్స్, మల్టీవిటమిన్ నీళ్లలో కలపొద్దు. మనం బలానికని పోసే బి1 మందుకే అడ్డుపడుతుంది. కోర్సు అయ్యాక విటమిన్లు ఇవ్వండి. అప్పుడు మంచిదే, ముఖ్యంగా ఎ, కె విటమిన్లు పేగు మానడానికి, రక్తం నిలవడానికి సాయం చేస్తాయి.

రెండు మూడు రోజుల్లో తేడా కనిపించాలి: కొత్తగా ముడుచుకునేవి ఆగాలి, రక్తం తగ్గాలి. తగ్గకపోతే ఆంప్రోలియంనే ఇంకా పెంచుకుంటూ పోవద్దు, డాక్టర్‌తో మాట్లాడండి. టోల్ట్రాజురిల్ అనే మందు ఉంది, గట్టిది, 2.5 శాతం ద్రావణం లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున వరుసగా 48 గంటలు ఇస్తారు. కానీ మనుషులు తినే గుడ్లు పెట్టే పెట్టలకు, కొద్ది వారాల్లో గుడ్డుకు రాబోయే పెట్టలకు అది పనికిరాదు. దాన్ని నీళ్లు కలపకుండా నేరుగా నోట్లో పోయకూడదు, నోరు కాలుతుంది. సల్ఫా మందులు కూడా ఈ జబ్బుకు పనిచేస్తాయి గానీ మోతాదు కాస్త మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తం గడ్డకట్టడం తగ్గుతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు వాటినీ వాడకూడదు. డాక్టర్ చెప్పకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

వెల్లుల్లి, వెనిగర్ గురించి. ఇవి పేగు కణాల లోపల ఉన్న ఐమీరియాను చంపవు. బాగున్న కోడికి అప్పుడప్పుడు పెడితే నేను అడ్డు చెప్పను, జబ్బు రోజున మాత్రం వాటితో గంటలు పోగొట్టుకోవద్దు. వెనిగర్‌ని రేకు గిన్నెలో అసలు పోయొద్దు, జింకు కరిగి నీళ్లలోకి దిగుతుంది. అలాగే ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ తీసి వేసేయడం కూడా తప్పు. అది బ్యాక్టీరియాను చంపే మందు, ఐమీరియా బ్యాక్టీరియా కాదు.

తాగని, తినని కోడిని నిలబెట్టడం

పారుడులో చాలా కోళ్లు ఒంట్లో నీరు తగ్గిపోయి చచ్చిపోతాయి. పెద్ద కోడి మామూలుగా రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. జబ్బు కోడి గిన్నె దాకా కూడా నడవదు. గిన్నెను దాని ముక్కు ముందు పెట్టండి, ముక్కు కొన నీళ్లలో ఒకసారి ముంచండి, చాలాసార్లు అదే గుర్తొచ్చి తాగుతుంది. అప్పటికీ తాగకపోతే సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్క అంచు మీద ఒక్కో చుక్కా వదలండి. చుక్క లోపలికి జారుతుంది, అది నాలుక ఆడించి మింగుతుంది, ఆ మింగడం చూశాకే ఇంకో చుక్క. నోరు తెరిచి పోసేయొద్దు. నాలుక వెనకే గాలి గొట్టం నోరు ఉంటుంది, అందులోకి నీళ్లు పోతే మీ చేతుల్లోనే పోతుంది.

మనుషులు వాడే ఓఆర్‌ఎస్ పనికొస్తుంది, కానీ కోడికి, ముఖ్యంగా పిల్లకు, ఉప్పు తట్టుకునే శక్తి తక్కువ. అందుకే లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్‌లో సగమే లీటరుకు కలిపి, సిరంజితో కొద్దికొద్దిగా ఒకరోజు ఇవ్వండి. ఓఆర్‌ఎస్‌లో బి1 ఉండదు కాబట్టి ఆంప్రోలియంకి అడ్డు కాదు. అయినా రెండూ ఒకే గిన్నెలో కలపకుండా వేర్వేరుగా పట్టించండి.

మేత విషయానికొస్తే, మామూలు దాణానే గోరువెచ్చని మందు నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టండి, ఉడికించిన గుడ్డు కొంచెం చిదిమి కలపొచ్చు. గంటలో తినకపోతే తీసేయండి, తడి మేత త్వరగా పులిసిపోతుంది. ఈ నాలుగు రోజులు పాలు, తీపి, నూనె వస్తువులు వద్దు.

నట్టలైతే

ఇది నిదానంగా తినేసే జబ్బు. ఏలిక పాములు తెల్లగా, నూలు దారం కంటే లావుగా, ఐదు నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటాయి, ఎక్కువైతే రెట్టలోనే పడతాయి. బద్దె పురుగులు బియ్యపు గింజల్లాంటి ముక్కలుగా రెట్ట మీద కనిపిస్తాయి, అవి పేడ పురుగులు, చీమలు, ఈగలు, నత్తలు తినడం వల్ల వస్తాయి. వెంట్రుక అంత సన్నటి పురుగులు ఇంకో రకం, కంటికి ఆనవు, కానీ కోడిని ఎక్కువ పీల్చేవి అవే.

కోళ్లకని తయారైన ఫెన్‌బెండజోల్ ద్రావణం దొరికితే అది ఏలిక పాములకు మంచి మందు, కిలో బరువుకు రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఐదు రోజులు నీళ్లలో ఇస్తారు. మేకలకు, గొర్రెలకు వాడే తెల్లటి మందు నీళ్లలో కలిపితే అడుగుకు దిగిపోతుంది, ముందు తాగిన కోడికి తక్కువ, చివర తాగినదానికి ఎక్కువ అందుతుంది. ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునే సమయంలో ఈ మందు వద్దు, ఈకలు వంకరగా వస్తాయి. పైపరజీన్ ఏలిక పాముల మీదే పనిచేస్తుంది, బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ కావాలి. ఏది ఉందో తెలియకుండా ఏదో ఒకటి వేయడం కంటే ఒక్క రెట్ట పరీక్ష నయం. కోడిని తూచండి, కంటి అంచనాతో వేయొద్దు. పేగులో లేత పురుగులు మిగిలిపోతుంటాయి కాబట్టి రెండో విడత ఎప్పుడు వేయాలో డాక్టర్‌ని అడగండి.

ఇంట్లో ఆగకూడని జబ్బులు

రక్తపారుడుతో దెబ్బతిన్న పేగులో ఒక్కోసారి క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ముదురు రంగు, కుళ్లు వాసన రెట్ట, పొద్దున బాగున్న కోడి సాయంత్రానికి చనిపోవడం దీని లక్షణం. ఆంప్రోలియం వాడుతున్నా చావులు ఆగకపోతే దీన్ని అనుమానించి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దీనికి యాంటీబయాటిక్ కావాలి, ఏదో, ఎన్ని రోజులో ఆయనే చెప్పాలి.

కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించడమే. ఒకేసారి చాలా కోళ్లు కుప్పకూలినా, తల వాచినా, జుట్టు నల్లగా నీలంగా మారినా చనిపోయినదాన్ని కోయొద్దు, వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు, పశువైద్య అధికారులకు వెంటనే చెప్పండి. బర్డ్ ఫ్లూ అయితే అది మీ గూటితో ఆగే విషయం కాదు.

గూడు సంగతి

మందు కోడి లోపల పనిచేస్తుంది, నేల మీద ఉన్నదాన్ని మీరే తీయాలి. మందు మొదలుపెట్టిన రోజే తడి పొట్టు మొత్తం ఎత్తేసి కొత్తది వేయండి. పొట్టు ఎంత తడిగా ఉందో తెలుసుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. ఉండలా అలాగే నిలిస్తే తడి ఎక్కువ, మార్చేయాలి. నెమ్మదిగా విడిపోతే బాగున్నట్టు. నీళ్ల గిన్నె చుట్టూ ఎప్పుడూ ముందు పాడవుతుంది, జబ్బు పుట్టేది కూడా ఎక్కువగా అక్కడే. గిన్నెను ఇటుకల మీద, కోడి వీపు ఎత్తుకు వచ్చేలా పెట్టండి, అప్పుడు అది అందులో కాలు పెట్టదు, రెట్ట వేయదు, ఒలకబోయదు. మేత నేల మీద చల్లడం జబ్బు తగ్గేదాకా మానేయండి.

బ్లీచింగ్ చల్లితే ఐమీరియా చస్తుందనుకుంటారు, చావదు. దాని పెంకు అంత గట్టిది. మరిగే నీళ్లు, ఆవిరి, ఎండ, పూర్తిగా ఆరడం, ఇవే దాని మీద పనిచేసేవి. గిన్నెలు, కర్రలు వేడినీళ్లతో కడిగి ఎండలో పడేయండి. అమ్మోనియా పనిచేస్తుంది గానీ దాని ఘాటుకు కోళ్లకీ మనకీ ఊపిరితిత్తులు పాడవుతాయి, ఖాళీ గూట్లో తప్ప వాడకూడదు, బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

పిల్లల్ని పెద్ద కోళ్లతో కలిపి ఒకే నేల మీద వదలొద్దు. పెద్దవి జబ్బు లేకుండానే ఐమీరియాను రెట్టలో వేస్తుంటాయి. కొత్తగా తెచ్చిన కోడిని కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, రెట్ట చూసి, అప్పుడు కలపండి. ఒకసారి తేరుకున్న కోడికి ఆ ఒక్క రకం ఐమీరియా మీదే రక్షణ వస్తుంది, వేరే రకం వస్తే మళ్లీ పడుతుంది. పిల్లలకు కాక్సిడియోసిస్ టీకా వేయించి ఉంటే ఆంప్రోలియం కలిపిన దాణా పెట్టొద్దు, టీకా పనిచేయకుండా పోతుంది.

గుడ్లు, చేతులు

మందు వాడుతున్నప్పుడు పెట్టిన గుడ్లు తినొచ్చా, ఎన్నాళ్లు ఆగాలి అన్నది మందును బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. సీసా మీద రాసి ఉంటుంది, లేకపోతే డాక్టర్‌ని అడగండి, తేలేదాకా ఆ గుడ్లు తినొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. కోడి ఐమీరియా మనుషులకు అంటదు. కానీ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుతుంది, అది ఉన్న కోడి పైకి బాగానే కనిపిస్తుంది. కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఐదేళ్లలోపు పిల్లల్ని జబ్బు కోడి దగ్గరికి రానివ్వకండి, కోడిపిల్లల్ని ముద్దు పెట్టుకోనివ్వకండి. నీళ్ల గిన్నెల్ని వంటింటి సింకులో కడగొద్దు.

జబ్బు కోడి మళ్లీ మేత కోసం పరిగెత్తడం మొదలుపెట్టాక కూడా రెండు రోజులు విడిగానే ఉంచండి. తర్వాత సాయంత్రం చీకటి పడ్డాక మిగతావి కర్ర ఎక్కి కూర్చున్నప్పుడు వాటి మధ్య పెట్టండి, పొడుచుకోవడం తక్కువ ఉంటుంది. మర్నాడు పొద్దున కర్ర కింద కాగితం పరిచి చూడండి, చిన్న మోతాదు మందు పూర్తయ్యాక ఇంకోసారి రెట్ట పరీక్షకు ఇవ్వండి.